నీళ్లు పోసినా నిలబడే మాల్ట్: చాలాకాలం తాగాక బున్నహావెన్ 12

మొదటిసారి స్కాచ్ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో స్కాట్లాండ్‌లో కాసే విస్కీ) కొంటున్నాం, ఏది తీసుకోమంటారని అడిగినవాళ్లందరికీ బున్నహావెన్ 12 పేరే చెబుతూ వచ్చాను. కారణం ఒక్కటే, ఇది నీళ్లకు తట్టుకుంటుంది. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి, 1881 నాటి డిస్టిలరీ, షెర్రీ అనే స్పెయిన్ వైన్ పట్టిన పీపాలు, ఇవన్నీ ఎక్కడైనా చదువుకోవచ్చు కాబట్టి వదిలేస్తున్నా.

మనలో నీళ్లో సోడానో కలపకుండా తాగేవాళ్లు తక్కువ. అది తెలిసి కూడా కొత్తవాళ్లకి ‘మాల్ట్ అంటే నీట్‌గానే కొట్టాలి’ అని పాఠం చెప్పడం దండగ. నీళ్లు పోస్తే ఏమవుతుందో చూసుకుని కొనమనడం నయం. చట్టం ప్రకారం స్కాచ్‌లో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. పేరున్న పన్నెండేళ్ల మాల్టులు చాలావరకు ఆ గీత మీదే ఆగిపోతాయి. బున్నహావెన్ 46.3 శాతం. 30 మి.లీ. పెగ్గులో ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. నీళ్లు పోస్తే ఇది 39.7కి దిగుతుంది. 40 శాతం సరుకు అదే చెంచాతో 34కి పడిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్కడ మొదటి చెంచా వాళ్లే వేసి సీలు కొట్టారు. ఇక్కడ ఆ చెంచా మన చేతిలో ఉంది.

మూతి సన్నంగా ఉన్న గ్లాసులో 30 మి.లీ. పోసి, ముక్కు మరీ లోపల పెట్టకుండా, నోరు కాస్త తెరిచి వాసన చూడండి. మొదటి చెంచా నీళ్లు వేసి రెండు నిమిషాలు ఆగితే ఘాటు తగ్గి ఎండుద్రాక్ష, ముదురు పాకం పైకొస్తాయి. రెండో చెంచాకి (34.7 శాతం) వేయించిన బాదం, చివర్లో పలచని ఉప్పదనం. మూడో చెంచాకి 31 శాతం దగ్గరికొచ్చినా నాలుక మీద జిడ్డు మిగులుతుంది, అసలు మజా అదే. నాలుగోది వేస్తే మాత్రం అట్టముక్క నమిలినట్టే. నీళ్లు ఆర్వోవి గానీ ప్యాకెట్‌వి గానీ చాలు. క్లోరిన్ వాసనొచ్చే కుళాయి నీళ్లు, ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు.

ఇంకోటి. పుస్తకాల్లో రాసే ‘గది ఉష్ణోగ్రత’ ఇరవై డిగ్రీల లోపు దేశాలది. మే నెలలో విజయవాడలో అదే మాట పట్టుకుని కూర్చుంటే ఆవిరి ముక్కులో గుచ్చుకోవడం తప్ప ఇంకేమీ తెలియదు. ఐస్ వేస్తే నాలుక మొద్దుబారుతుంది, కరిగేకొద్దీ నీళ్ల లెక్క తప్పుతుంది. పోసిన గ్లాసుని ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచడమో, చెంచా నీళ్లు ఫ్రిజ్‌వి వాడటమో మేలు.

అలా చల్లటి నీళ్లు పడినప్పుడే వస్తుంది గొడవ. అద్దంలా ఉన్న విస్కీ కాస్త మసకబారుతుంది. వెంటనే ఫోను: “బావా, డూప్లికేట్ అంటగట్టాడు!” కాదు. పీపాలోంచి, మాల్ట్‌లోంచి వచ్చిన కొవ్వు జాతి పదార్థాలు ఆల్కహాలు గట్టిగా ఉన్నంతసేపూ అందులో కరిగి కనపడకుండా ఉంటాయి. బలం 46 శాతం కిందికి దిగి, పైగా చల్లబడిందంటే, చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టు బయటపడతాయి. ఆ మసక చూసి జనం సీసాలు వెనక్కి తెస్తారని చాలా కంపెనీలు విస్కీని సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరిచి వడకడతాయి. ఆ వడపోతలో కొంత జిడ్డు, దాంతోపాటు కొంత రుచీ పోతాయి. బున్నహావెన్ ఆ పని చేయదు. ఇది మొదటిసారి చూసినవాళ్లు కంగారుపడతారు గానీ, అలవాటయ్యాక మసక పట్టని విస్కీలో నీళ్లు పోయాలంటే చెయ్యి వెనకాడుతుంది. అలాగని మసక పట్టింది కాబట్టి అసలైనదే అనుకోవద్దు. దాన్ని బట్టి తెలిసేది వడపోత సంగతే. నకిలీ భయం ఉంటే సీలు చూసుకోవాలి, నమ్మకమైన చోట కొనాలి.

వేరే మాల్ట్ చూస్తున్నప్పుడూ ఇదే కొలత: లేబుల్ మీద 46 లేదా అంతకంటే ఎక్కువ, ‘అన్-చిల్‌ఫిల్టర్డ్’ (చల్లబరిచి వడకట్టనిది), ‘నేచురల్ కలర్’ (రంగు కలపనిది). జర్మనీలో ఉండేవాళ్లకి ఇంకా తేలిక. సీసా వెనక ‘మిట్ ఫార్బ్‌స్టోఫ్’ అని ఉంటే క్యారమెల్ రంగు కలిపారని అర్థం. డ్యూటీ ఫ్రీలో మాత్రం జాగ్రత్త. లీటరు సీసా, గొప్ప పేరు, లేబుల్ మీద వయసు ఉండదు, బలం 40. ఇండియాకి మనిషికి రెండు లీటర్లే తెచ్చుకోనిస్తారు కాబట్టి ఆ కోటాని అలాంటివాటి మీద తగలేయకండి.

ఇక సీసా గురించి. గాజు నల్లగా ఉంటుంది, ఎంత మిగిలిందో కనపడదు. ఇది అందం కోసం పడాల్సిన కష్టం. సగం దాటాక లోపల గాలి పెరిగి రుచి జారుతుంది. మూడో వంతు మిగిలేసరికి ఎండుద్రాక్ష పోయి చెక్క చేదు పైకి తేలుతుంది. వేడి ఇళ్లలో ఇంకా ముందే. వంటింటి త్రాసు మీద కొత్త సీసాని తూచి బరువు రాసి పెట్టుకోండి. 70 సెం.లీ. సీసాలో 330 గ్రాములు తగ్గాయంటే సగం అయిపోయినట్టే. అప్పుడు పాత గాజు హాఫ్ సీసాని, అంటే 375 మి.లీ.ది, వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి అందులోకి మార్చేయండి. దాదాపు నిండుతుంది, మరమూత గట్టిగా పడుతుంది. పాత మందు వాసన మూతలోనే దాక్కుంటుంది, ముందు దాన్ని వాసన చూడండి.

బిరడా సంగతి ఏ మాల్ట్‌కైనా ఒకటే. వైన్‌లా పడుకోబెడితే ఈ బలానికి కార్కు నాని పొడి రాలుతుంది. నిలబెట్టి నెలల తరబడి వదిలేస్తే ఎండి మెడకి అతుక్కుంటుంది, తిప్పగానే పైనున్న చెక్క ఒక్కటే చేతికొస్తుంది. తెరిచే ముందు సీసాని రెండు మూడు సెకన్లు వంచి కార్కుని తడపాలి. బిరడాని గట్టిగా పట్టుకుని, సీసాని మెల్లగా తిప్పాలి. విరిగిందా, వైన్ స్క్రూతో నెమ్మదిగా లాగండి. లోపల పడిపోతే కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టి వేరే సీసాలో పోసుకోండి. ఖాళీ సీసాల బిరడాలు పారేయకుండా దాచుకుంటే ఇలాంటప్పుడు పనికొస్తాయి.

అందరికీ ఇదే అన్న మాటకి ఇప్పుడు కొన్ని మినహాయింపులు. పెగ్గుకి 120 మి.లీ. సోడా పోసేవాళ్లకి ఇది 9 శాతం మీద తేలే ఖరీదైన సోడా. వాళ్లకి మంచి బ్లెండ్, అంటే మాల్ట్‌లో వేరే ధాన్యాల విస్కీ కలిపిన సరుకు, చాలు. కారం దట్టించిన మటన్ వేపుడుతో పెడితే మంట తప్ప ఇంకేమీ తెలియదు. తిండికి ముందు, ఉప్పు తక్కువ వేసిన జీడిపప్పుతో బాగుంటుంది. ఐలా అనగానే అక్కడి విస్కీలకి పేరున్న పొగ వాసన ఆశించేవాళ్లు నిరాశపడతారు, ఇందులో అది దాదాపు లేదు. పొగే కావాలంటే ఆర్డ్‌బెగ్ 10 ఉంది, అదీ 46 శాతమే, వడకట్టనిదే, కానీ మొదటి సీసాగా చెప్పలేను. షెర్రీ పీపాల వల్ల కొన్ని సీసాలు తెరిచిన కొత్తలో గీసిన అగ్గిపుల్ల వాసనేస్తాయి. వారం పది రోజులు ఆగితే చాలామటుకు పోతుంది. తీపి తేనె రుచి ఇష్టమైతే డీన్‌స్టన్ 12 చూడండి. ఒకప్పటి నూలు మిల్లులో కాస్తారు, బలం ఇంతే, నీళ్లకూ ఇలాగే నిలబడుతుంది, సాధారణంగా ధర తక్కువ.

నాది వారానికి ఒకట్రెండు పెగ్గుల అలవాటు, ఏసీ గదిలో బీరువా. ఈ సీసా నాకు అందుకే కుదిరింది. పండక్కో పబ్బానికో మూత తీసే ఇంట్లో అయితే పెద్ద సీసాకి పోకుండా 5 సెం.లీ. మినియేచర్ ఒకటి పట్టండి. అందులో ఒకటిన్నర పెగ్గుకి పైనే వస్తుంది, ఆ మూడు చెంచాల నీళ్ల పరీక్షకి అది సరిపోతుంది.