రెండు కార్ల మధ్య సందు: ముక్కు ముందు దూర్చాలా, రివర్స్‌లో పెట్టాలా?

హిమాయత్‌నగర్‌లో రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య ఖాళీ కనబడితే కొత్తలో నేను ముక్కు ముందు దూర్చేసేదాన్ని. వెనక ఆటో హారన్ మోగిస్తుంటే అదే తొందరగా తేలే పని అనిపించేది. తీరా చూస్తే ముక్కు లోపల, తోక రోడ్డు మీద. సర్దుదామని ఇంకాస్త పోనిస్తే ముందు ఎడమ చక్రం ఫుట్‌పాత్ రాయికి గర్రుమని రాసుకునేది.

స్టీరింగ్‌తో పక్కకి తిరిగేవి ముందు చక్రాలే కదా. ముందుకు పోతున్నప్పుడు వెనక చక్రాలు లోపలి దారి పట్టి కోసుకుంటూ వస్తాయి. అందుకే తోక కూడా లోపలికి రావాలంటే ముందు చాలా చోటు కావాలి. రివర్స్‌లో అయితే పక్కకి తిరగని వెనక చక్రాలు ముందే లోపలికి చేరతాయి, తిరిగే ముక్కును ఆ తర్వాత పక్కకి లాక్కోవచ్చు. మా స్విఫ్ట్ పొడవు సుమారు 3.86 మీటర్లు. రివర్స్‌లో అయితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఆరు మీటర్లలోపు ఖాళీలోనే పడుతుంది. ముక్కు ముందు పెట్టాలంటే రెండు కార్ల పొడవు కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. అంత ఖాళీ ఉంటే మాత్రం హాయిగా అలాగే పెట్టండి, వెనక బండ్లను ఆపే పనే ఉండదు.

రివర్స్‌తో అసలు ఇబ్బంది అదే. మనం సందుకి ముందున్న కారు పక్కకి వెళ్లి ఆగేలోపు ఓ బైకు ఆ సందులోకి దూరేస్తుంది. ఇండికేటర్ ముందే వేసి, ఆగగానే రివర్స్ గేర్ వేసేయాలి. వెనక తెల్ల లైటు వెలిగితే చాలామంది ఆగుతారు.

ముందు కారుకి రెండు మూరల దూరంలో, వెనక బంపర్లు రెండూ ఒక వరసలోకి వచ్చేలా ఆపండి. స్టీరింగ్ ఎడమకి పూర్తిగా కొట్టి మెల్లగా వెనక్కి రండి. కుడి అద్దంలో వెనక కారు రెండు హెడ్‌లైట్లూ కనబడగానే స్టీరింగ్ తిన్నగా చేయండి. మన ముందు ఎడమ మూల ముందు కారు బంపర్‌ని దాటాక కుడికి పూర్తిగా కొట్టండి.

ఇదంతా నడిచేది ఎడమ పాదం మీద. మాన్యువల్ కారులో హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలి ఉంచే పట్టు దొరికితే కారు అంగుళం అంగుళం కదులుతుంది, చేతులకి స్టీరింగ్ తిప్పుకునే తీరిక దొరుకుతుంది. చదును రోడ్డు మీద పెట్రోల్ కారుకి యాక్సిలరేటర్ అక్కర్లేదు, కుడి పాదం బ్రేకు మీదే ఉంచండి. బంజారా హిల్స్ లాంటి ఎత్తుపల్లాల్లో లెక్క మారుతుంది. వెనక్కి పల్లం ఉంటే క్లచ్ పూర్తిగా నొక్కి బ్రేకుతోనే దించాలి. వెనక్కి ఎత్తుంటే క్లచ్ మీదే కారుని నిలబెట్టకండి, మాడిన వాసన వస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసుకుని, క్లచ్ పట్టుకుని ముక్కు కొంచెం కదిలాక హ్యాండ్ బ్రేక్ దించండి.

వెనక అడ్డేదైనా ఉంటే బీప్ కొట్టే సెన్సర్ ఉంది కదా అంటారు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక సెన్సర్ తప్పనిసరి చేశారు. కానీ ఫుట్‌పాత్ అంచు లాంటి పొట్టి రాళ్లు దానికి అందకపోవచ్చు. నేను ఎడమ అద్దాన్ని కిందికి వంచి వెనక చక్రాన్నే చూసుకుంటా.

పెట్టాక కారు పల్లం వైపు చూస్తుంటే రివర్స్ గేర్, ఎత్తు వైపు చూస్తుంటే ఫస్ట్ గేర్ వేసి వదలండి, హ్యాండ్ బ్రేక్ ఎలాగూ ఉంటుంది.