శనివారం క్లాసు కోసమైనా చేరొచ్చు

బరంపురంలో స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లకు కొదవేం లేదు, ఏ సందులో చూసినా ఒక బోర్డు, అందరిదీ ఒకటే హామీ, అందుకే ఇక్కడ కూడా పెద్దగా ఆశలేం పెట్టుకోకుండానే చేరాను. మామూలు రోజుల క్లాసులు మామూలుగానే ఉంటాయి. గ్రామర్ షీట్లు జిరాక్స్‌కి జిరాక్స్ తీసినవి, సగం అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. కానీ శనివారం సాయంత్రం మాస్టారు ఒక్క మాట పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తారు చూడండి, నేనిచ్చిన నాలుగు స్టార్లూ దానికే.

మొన్న 'నైస్' తీసుకున్నారు. చీర బాగున్నా నైసే, టీ బాగున్నా నైసే అంటాం కదా, 1300 ప్రాంతంలో ఇంగ్లండులో ఎవరినైనా ఆ మాటంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే. మూలం లాటిన్ 'నెస్కియుస్', ఏమీ తెలియనివాడు. 'నె' అంటే కాదు, సంస్కృతంలో 'న' కూడా అదే. 'స్కిరే' అంటే తెలియడం, సైన్స్ అనే మాట పుట్టింది కూడా అందులోంచే, అంటే నైసూ సైన్సూ ఒకే ఇంటి పిల్లలన్నమాట! ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాక అర్థం మారుతూ పోయింది: పిరికి, ఆ తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టే రకం, ఆ తర్వాత సూక్ష్మమైనది, 18వ శతాబ్దానికి మనకు తెలిసిన 'బాగుంది'. ఆ సూక్ష్మం ఇంకా బతికే ఉంది, 'నైస్ డిస్టింక్షన్' అంటే మంచి తేడా కాదు, సన్నటి తేడా (బ్యాంకు పరీక్షలవాళ్ళు రాసుకోండి).

'సిల్లీ'ది ఉల్టా కథ, పాత ఇంగ్లీషులో ధన్యజీవి, ఇప్పుడు వెర్రిబాగులది.

ముందు బెంచీలో ఒడియా కుర్రాడొకడు ఇదంతా కట్టుకథ అన్నట్టు నవ్వాడు. మాస్టారు ఏమీ అనకుండా బోర్డు మీద 'ముగ్ధ', 'మూఢ' పక్కపక్కన రాసి, రెండూ 'ముహ్' ధాతువులోంచి వచ్చినవే, ఒకదాంతో పొగుడుతున్నాం, ఇంకోదాంతో తిడుతున్నాం, ఇప్పుడు నవ్వు అన్నారు, అదీ ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఇక తిట్టాల్సినవి. వెనక కూర్చుంటే ట్యూబ్‌లైట్ వెలుగు పడి బోర్డు కనబడదు, కరెంటు పోతే ఇన్వర్టర్ లైట్లకే, ఫ్యాన్లకు లేదు. ఫీజు రసీదు అడిగితే తప్ప ఇవ్వరు. శనివారం ఒక్కటే వస్తామంటే కుదరదు, నెలంతా కట్టాల్సిందే. ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్ళయితే తిరుగు బస్సు సంగతి ముందే చూసుకోండి, మాస్టారికి ఊపొస్తే క్లాసు టైముకి వదలరు.