ఉచిత దర్శనానికి 177 డాలర్లు

వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు సమావేశమయ్యే కాపిటల్ భవనం లోపలికి వెళ్లి చూడటానికి ఒక్క సెంటు కూడా చెల్లించనక్కరలేదు. ఈ సంగతి తెలియక ఒక ఏజెన్సీకి మనిషికి 59 డాలర్ల చొప్పున 177 డాలర్లు సమర్పించుకున్నాము. తిరుమల దళారుల గురించి ఊరందరినీ హెచ్చరించే నేనే, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంట్లో కూర్చుని, 'ప్రత్యేక ప్రవేశం' అన్న మాటకు పడిపోయాను. ఆ ఏజెన్సీ మనిషి శనివారం ఉదయం ఐదు నిమిషాలు మాట్లాడి, అందరూ నిలబడే వరుసలోనే మమ్మల్నీ నిలబెట్టి వెళ్లిపోయాడు. సందర్శకుల కేంద్రం వెబ్‌సైట్‌లో మేమే పేర్లు నమోదు చేసుకుంటే సరిపోయేది.

లోపలికి తినుబండారాలే కాదు, మంచినీళ్లు కూడా తీసుకువెళ్లనివ్వరు. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోరను చెత్తబుట్టలో వేయడానికి నా భార్య ససేమిరా అనడంతో, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని తొమ్మిదిన్నరకే భోజనం ముగించాము. అబ్బాయి చాలాసేపు మాతో మాట్లాడలేదు.

లోపల ఎర్రకోటు వేసుకున్న గైడు, చెవికి పెట్టుకునే యంత్రం, రెండూ ఉచితమే. గోపురం మీద పిట్టంత కనిపించే స్వేచ్ఛామూర్తి నిజానికి పందొమ్మిదిన్నర అడుగుల కంచు విగ్రహం. థామస్ క్రాఫర్డ్ చేసిన దాని ప్లాస్టర్ నమూనా సందర్శకుల కేంద్రంలోని ఎమాన్సిపేషన్ హాల్లో ఉన్నందువల్ల ముఖం స్పష్టంగా చూడవచ్చు. రోములో విముక్తులైన బానిసలు ధరించే టోపీని శిల్పి మొదట ఆ తల మీద పెట్టగా, అప్పటి యుద్ధమంత్రి, తరువాత దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాలకు అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ అభ్యంతరం చెప్పడంతో, దాని స్థానంలో గద్దతల శిరస్త్రాణం వచ్చింది. ఆ విగ్రహాన్ని కంచులో పోతపోసిన వారిలో ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. మిగిలిన రోజుల కూలి యజమానికి పోగా, 33 ఆదివారాల పనికి రోజుకు 1.25 డాలర్ల చొప్పున అతని చేతికి వచ్చినది 41.25 డాలర్లు. 1863 డిసెంబరు 2న విగ్రహం గోపురమెక్కేనాటికి అతను స్వతంత్రుడయ్యాడు. మా 177 డాలర్ల గురించి ఉదయం నుంచి సణుగుతున్న నా భార్య ఇది విని ఊరుకుంది.

ఎదురుగా సుప్రీంకోర్టు మెట్ల పక్కన కూర్చున్న స్త్రీమూర్తి కళ్లకు గంతలు లేవు. ఆమె చేతిలోని చిన్న న్యాయదేవత బొమ్మకు మాత్రం ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూడకపోతే ఈ తేడా తెలియదు. లింకన్ స్మారకాన్ని సాయంత్రం చూశాము, జనం విపరీతం.

నగరం పక్కనే నది అవతల ఉన్న ఆర్లింగ్టన్‌లో మా బస మాత్రం నిస్సందేహంగా మంచిది. వంటగది ఉన్న గదికి రాత్రికి 164 డాలర్లు, కారు నిలపడానికి 28. నగరంలోకి మెట్రో ఉంది, కారు తీయనే కూడదు. డబ్బు వాపసు అడిగితే, గైడు వచ్చాడు కదా అని ఏజెన్సీ రెండు వాక్యాల జవాబు పంపింది. అబ్బాయి ఇప్పుడు క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫిర్యాదు రాస్తున్నాడు.