కైనెటిసిస్ట్‌తో ఏడేళ్లు: ఒంట్లోనే వాకిలి ఉన్నవాళ్ల కథ

పాత్‌ఫైండర్‌లో అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆటలో, నేను ఆడిన మొదటి కైనెటిసిస్ట్ నిప్పు పిల్ల. నిప్పు, నీరు లాంటి ఎలిమెంట్లను ఒంటితోనే ఆడించే పాత్రను కైనెటిసిస్ట్ అంటారు. నాలుగో లెవెల్లో ఒక గుహ ముందు స్పృహ తప్పి పడిపోయింది. గోబ్లిన్లు కొట్టిన దెబ్బలు తక్కువే, మిగతాదంతా తను చేసుకున్నదే. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కానీ నాకు మాత్రం ఆ క్లాస్ (పాత్ర రకం) మీద మనసు పడింది ఆ రోజే.

అది మొదటి ఎడిషన్, 2015లో ఆకల్ట్ అడ్వెంచర్స్ అనే పుస్తకంతో వచ్చిన క్లాస్. వీళ్లు మంత్రాలు బట్టీ పట్టరు, గురువు దగ్గర నేర్చుకోరు. తరచూ ఏదో భయంకరమైన సంఘటనలో, తమకే తెలియకుండా శక్తి బయటపడుతుంది. దాన్ని గట్టిగా వాడాలంటే 'బర్న్' ఒప్పుకోవాలి. ఒక్క పాయింట్ బర్న్‌కి మన లెవెల్ ఎంతో అంత నాన్‌లీథల్ డ్యామేజ్, అంటే చంపకుండా స్పృహ తప్పించే గాయం. ఆ గాయం హీలింగ్ మంత్రాలకు తగ్గదు, రాత్రి పడుకుని లేస్తేనే తగ్గుతుంది. క్యారెక్టర్ షీట్ మీద అన్నిటికంటే ముఖ్యమైన అంకె తెలివి కాదు, కాన్‌స్టిట్యూషన్. అంటే ఒంటి సత్తువ. కథ చెప్పినదాన్నే లెక్క కూడా చెప్తోంది: ఈ శక్తికి ధర ఒంటితోనే చెల్లించాలి.

ఇది ఎంత అరుదో వేరే ఆట ఆడితే తెలిసింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో నాలుగు ఎలిమెంట్ల దారి పట్టిన మాంక్ (సన్యాసి యోధుడు) ఒకడుంటాడు. చదవడానికి ఎంతో ఊరిస్తాడు. మూడో లెవెల్లో వాడి చేతిలో 'కి' అనే శక్తి పాయింట్లు ఉండేవి 3, గాలితో ఒక్క గుద్దు గుద్దితే 2 ఖాళీ. నేను ఆరు నెలలు ఆడాను. గాలీ నిప్పూ వాడి ఒంట్లోవి అని ఒక్కసారీ అనిపించలేదు, మెనూలోంచి ఆర్డర్ ఇచ్చినట్టే ఉండేది.

రెండో ఎడిషన్‌కి కైనెటిసిస్ట్ 2023లో రేజ్ ఆఫ్ ఎలిమెంట్స్ పుస్తకంతో వచ్చాడు. బర్న్ తీసేశారని తెలిసి మొదట గొణుక్కున్నాను. ఇప్పటికీ కొంచెం గొణుగుతూనే ఉన్నాను. కానీ దాని స్థానంలో పెట్టిన కథ చిన్నదేమీ కాదు. కైనెటిసిస్ట్ ఒంట్లో ఒక వాకిలి ఉంటుంది, దాని అవతల ఎలిమెంటల్ లోకం. వాకిలి తెరిస్తే చుట్టూ పది అడుగుల మేర ఆ ఎలిమెంట్ తిరుగుతూ ఉంటుంది: నీటి చుక్కలో, ఆకులో, నిప్పురవ్వలో. మంత్రాలు ఇన్నే అని హద్దు పెట్టే స్పెల్ స్లాట్లు లేవు, రోజుకిన్ని అని లెక్క లేదు. 'ఓవర్‌ఫ్లో' అని రాసి ఉన్న పెద్ద పని చేస్తే మాత్రం ఆ వలయం చెదిరిపోతుంది, మళ్లీ తెరుచుకోవాలి. పాత బర్న్ అంత కసి ఇందులో లేదు కానీ ఊపిరి పీల్చి వదిలే లయ ఉంది.

అసలు రుచి 5, 9, 13, 17 లెవెల్స్‌లో ఉంది. అక్కడ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఉన్న వాకిలినే ఇంకా వెడల్పు చేసుకోవాలి, లేదా కొత్త ఎలిమెంట్‌కి ఇంకో దారి తీయాలి. మా జీఎం (గేమ్ మాస్టర్, కథ నడిపే మనిషి) ఈ లెవెల్స్ వచ్చినప్పుడల్లా ఆట ఆపి, "వాడికి ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతుంది. పుస్తకం అడగమనలేదు. అడక్కుండా ఉండలేని నియమం అది.

ఇక లోకాల సంగతి. పాత్‌ఫైండర్ విశ్వం ఉల్లిపాయలా ఉంటుంది. మధ్యలో మనుషుల లోకం, దానికి దగ్గరగా నిప్పు, దాని మీద భూమి, ఆపై నీరు, అన్నిటికంటే బయట గాలి. ఒక్కో పొరకు ఒక్కో దుష్ట ప్రభువు: నిప్పుకి యిమెరి, భూమికి ఐర్జుల్, నీటికి కెలిజాండ్రి, గాలికి హ్షుర్హా. ఎప్పుడో వీళ్లు అదే ఎలిమెంట్లకు చెందిన మంచి ప్రభువులను పట్టి బంధించారు. ఈ ఒక్క ముక్కతో మేం పద్నాలుగు సెషన్లు ఆడాం. 2023 పుస్తకం వీటికి ఇంకో రెండు కలిపింది, వృక్షం, లోహం. యుగాలుగా మూసి ఉన్న ఆ లోకాలు మళ్లీ తెరుచుకున్నాయని కథ. గ్రీకుల నాలుగింటినీ చైనావాళ్ల ఐదింటినీ (వృక్షం, నిప్పు, భూమి, లోహం, నీరు) కలిపితే వచ్చే లెక్క సరిగ్గా ఆరే. మన ఆకాశం మాత్రం జారిపోయింది. మొదటి ఎడిషన్‌లో ఈథర్ అని ఉండేది, చేయి తగలకుండా వస్తువులు కదిలించేవాళ్లది. రెండో దాంట్లో అది లేదు. పంచభూతాలు అంటూ పెరిగినవాడికి ఆ ఖాళీ కనబడుతుంది.

భూతం అంటే గుర్తొచ్చింది. దీపంలోంచి వచ్చేవాడినీ మనం భూతమనే అంటాం, నీటినీ నిప్పునీ భూతాలనే అంటాం. ఈ ఆటలో ఆ రెండూ నిజంగానే ఒకటి. జీనీలు ఎలిమెంటల్ లోకాల వాసులు, వాళ్ల రక్తం కలిసిన మనుషులను జీనీకిన్ అంటారు. గాలివాళ్లు సిల్ఫ్‌లు, నీటివాళ్లు అన్‌డైన్‌లు. ఈ రెండు పేర్లూ స్విస్ వైద్యుడు పారాసెల్సస్‌వి, ఆయన పోయాక 1566లో అచ్చయిన రచనలోవి. భూమివాళ్లయిన ఓరియడ్‌ల పేరు గ్రీకుల కొండ దేవతలది. ఇంతవరకూ బాగుంది. తలనొప్పి నిప్పువాళ్లతో. నిప్పు జీనీకిన్‌ను ఇదివరకు ఇఫ్రిట్ అనేవారు, ఇప్పుడు నారి. ఇఫ్రిట్ అనే మాట ఇప్పుడు నిప్పు జీనీలకే వెళ్లింది, వాళ్ల పాత పేరు ఎఫ్రీతి. పాత సాహసం (ఆడటానికి అచ్చేసిన కథ), కొత్త పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఆడితే ఎవరు ఎవరో చెప్పడానికే ఒక కాగితం కావాలి. మా టేబుల్‌కి నేను రాసి అతికించాను.

లోహం నాకు రుచించలేదు. తుప్పు, అయస్కాంతం వంటి ఆలోచనలు బాగానే ఉన్నాయి కానీ ఆ లోకం ఎలా ఉంటుందో కళ్లకు కట్టదు. వృక్షం అలా కాదు. మా జట్టులో నీరు, వృక్షం రెండూ ఉన్న కైనెటిసిస్ట్ ఇప్పుడు నేను ఆడుతున్న పాత్ర, నావాడే. 'టింబర్ సెంటినల్'తో ఒక చెట్టు లేపి, స్నేహితుడి మీద పడే దెబ్బ దాని మీద పడేలా చేస్తాడు. ఆట తేలికైపోతుందని జీఎంలు దీన్ని తిడతారు. మా జీఎం కూడా. తిడుతూనే, విరిగిన ప్రతి చెట్టుకీ వృక్ష లోకంలో ఎక్కడో ఒక మాను కూలుతుందని ఒక రోజు చెప్పింది. ఆ తర్వాత నావాడు చెట్టు లేపే ముందు ఒక క్షణం ఆగుతున్నాడు. ఆ మాట పుస్తకంలో లేదు. ఈ వాకిలి కథకు ఇలాంటి మాట అతికించడం సులువు, దీని గొప్ప అక్కడే ఉంది.

లోటు ఎక్కడంటే, మామూలు జనం వీళ్లను ఎలా చూస్తారన్నది పలచగా ఉంది. ఒక ఊళ్లో బావి ఎండిపోయి, పక్కింట్లో నీటి వాకిలి ఉన్న పిల్ల ఉంటే ఆ ఊరు ఏం చేస్తుంది? పూజ చేస్తుందా, కట్టేస్తుందా? చిన్న నీళ్లూ చిన్న మంటలూ ఊరికే పుట్టించే 'బేస్ కైనెసిస్' మొదటి లెవెల్ నుంచే చేతిలో ఉంటుంది, అంటే ఈ ప్రశ్న మొదటి రోజే వస్తుంది. జవాబు మాత్రం జీఎం తవ్వుకోవాలి.

వచ్చే వారం నావాడు 13వ లెవెల్‌కి చేరుతున్నాడు. ఉన్న రెండు వాకిళ్లలో ఒకదాన్ని వెడల్పు చేయాలా, నిప్పుకి కొత్త దారి తీయాలా అన్నది తేలలేదు. గుహ ముందు పడిపోయిన ఆ పిల్ల షీట్ ఇంకా నా ఫోల్డర్లో ఉంది.