లోకల్ హౌసింగ్ అలవెన్స్: ఏళ్ళ తరబడి వాడాక

ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇంట్లో ఉంటూ యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయం) తీసుకునేవాళ్ళకి, అద్దెలో ఎంతవరకు ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంటుందో తేల్చేది లోకల్ హౌసింగ్ అలవెన్స్. వాడుకలో ఎల్‌హెచ్‌ఏ. చాలా ఏళ్ళు దీని మీద నెట్టుకొచ్చిన వాడకందారుగా తీర్పు ముందే చెప్తాను. సాయం నిజమైనదే, డబ్బు తేదీకి పడుతుంది, లెక్క చాలామటుకు సరిగానే వస్తుంది. కానీ దీంట్లో గట్టి దెబ్బ పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చే కోతల వల్ల తగలదు. రేటు పెంచకుండా ఊరుకున్న సంవత్సరం తగులుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. దేశాన్ని అద్దె మార్కెట్ ప్రాంతాలుగా విడగొట్టారు. ఒక్కో ప్రాంతంలో అద్దెలన్నీ చవక నుంచి ఖరీదు దాకా వరసగా పేర్చి, నూటికి 30వ స్థానంలో ఉన్న అద్దెని తీసుకుంటారు. ఒక గది (అంటే పడకగది), రెండు గదులు, ఇలా నాలుగు గదుల దాకా వేర్వేరు రేట్లు. పంచుకునే ఇంట్లో ఒక్క గదికి ఇంకో రేటు. చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ వరసలో ఉండేవి జనం ఇప్పటికే కడుతున్న అద్దెలు, ఈవేళ ఖాళీగా ఉన్న ఇంటికి ఓనరు అడిగే అద్దె కాదు. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు వందలో ముప్ఫై ఇళ్ళు దొరుకుతాయనుకుంటే పొరపాటు. రెండు, ప్రాంతం పెద్దది. కేంబ్రిడ్జ్ ప్రాంతంలో నగరంతో పాటు ఈలీ, న్యూమార్కెట్ లాంటి చవక ఊళ్ళు కూడా కలిసే ఉన్నాయి. నగరంలో పనిచేసేవాళ్ళకి ఆ రేటు ఎప్పుడూ చాలదు.

ఈ పథకం దేశమంతటా 2008 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పట్లో నడిమి అద్దె, అంటే 50వ స్థానం ఇచ్చేవాళ్ళు. 2010లో కోతల ప్రతిపాదనలు వరసగా వచ్చిపడ్డాయి. 30వ స్థానానికి దించడం, రెండు గదుల ఇంటికి వారానికి 290 పౌండ్లు, నాలుగు గదులకి 400 పౌండ్లు మించకూడదన్న పరిమితి 2011లో అమల్లోకి వచ్చాయి. ఒంటరివాళ్ళకి పంచుకునే ఇంటి రేటే ఇచ్చే వయసు హద్దు 25 నుంచి 35కి 2012 జనవరిలో మారింది. ఏడాది దాటి పని దొరకనివాళ్ళకి 10 శాతం కోస్తామన్నది మాత్రం అమలు కాకుండానే వెనక్కి పోయింది. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం), హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేని సంస్థ) అద్దెకిచ్చే ఇళ్ళకి కూడా ఎల్‌హెచ్‌ఏ పరిమితి తెస్తామని 2015లో అన్నదీ 2017లో విరమించుకున్నారు. ప్రతిపాదన అనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. గొడవ జరిగిన కోతల్లో కొన్ని ఆగాయి.

గొడవ లేకుండా జరిగిపోయింది ఫ్రీజు. 2016 నుంచి 2020 దాకా నాలుగేళ్ళు చాలా రేట్లు కదల్లేదు. 2020 ఏప్రిల్‌లో మళ్ళీ 30వ స్థానానికి తెచ్చి, 2024 దాకా అక్కడే వదిలేశారు. 2024 ఏప్రిల్‌లో పెంచారు, 2025 ఏప్రిల్ నుంచి మళ్ళీ ఆపారు. పైగా 2024 రేటు లెక్కగట్టింది 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాది అద్దెల మీద. అంటే కొత్త రేటు పుట్టేనాటికే పాతబడింది. అదే సమయంలో, 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో, ప్రైవేటు అద్దెలు 9 శాతం పైనే పెరిగాయి.

ఫ్రీజు ఎంత కోస్తుందో ఒక ఊహా లెక్క వేద్దాం. అద్దె 1,100, మీ రేటు 1,050. లోటు 50 పౌండ్లు. ఏటా 5 శాతం చొప్పున రెండేళ్ళలో అద్దె 1,213కి చేరింది, రేటు అక్కడే ఉంది. లోటు 163. అద్దె పెరిగింది పది శాతమే, మీ జేబులోంచి పోయేది మూడింతలు దాటింది. ఈ 163 వచ్చేది తిండికీ కరెంటుకీ ఇచ్చిన డబ్బులోంచే. పాతికేళ్ళు దాటిన ఒంటరి మనిషికి 2025-26లో ఆ మొత్తం నెలకి 400 పౌండ్ల 14 పెన్నీలు.

ఉద్యోగం చేస్తే అద్దె సాయం విడిగా నిలబడదు. మొత్తం క్రెడిట్‌లోంచి జీతాన్ని బట్టి కోస్తారు. పిల్లలుండి గానీ, పనిచేయలేని ఆరోగ్యముండి గానీ అద్దె భాగం తీసుకునేవాళ్ళకి 2025-26లో మొదటి 411 పౌండ్ల జీతం ముట్టుకునేవాళ్ళు కాదు. ఆపైన ప్రతి పౌండుకి 55 పెన్నీలు పోతాయి. ఆ ఏటి లెక్కన చేతికి 1,000 వస్తే 589 మీద 323 పౌండ్ల 95 పెన్నీలు తగ్గేవి. ఈ రెండు కారణాలూ లేనివాళ్ళకి మొదటి పౌండు నుంచే కోత. నాలుగు వారాలకోసారి జీతం తీసుకునే కేర్ వర్కర్లు ఇంకోటి చూసుకోవాలి. ఏడాదిలో ఒక నెల రెండు జీతాలు ఒకే లెక్క నెలలో (అంటే క్రెడిట్ లెక్కగట్టే నెలలో) పడతాయి, ఆ నెల క్రెడిట్ కూలిపోతుంది. ఏ నెలో ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని అద్దె పక్కన పెట్టడం తప్ప దారిలేదు.

బెనిఫిట్ క్యాప్, అంటే ఒక ఇంటికి వచ్చే సాయాలన్నీ కలిపి మించకూడని మొత్తం, వేరే గోడ. 2023 ఏప్రిల్ నుంచి కుటుంబానికి ఏడాదికి లండన్‌లో 25,323, బయట 22,020 పౌండ్లు. ఇది తగిలితే ఎల్‌హెచ్‌ఏ పెరిగినా చేతికి పైసా రాదు. జంటగా కలిపి నెలకి 846 పౌండ్లు సంపాదిస్తే 2025-26లో క్యాప్ వర్తించేది కాదు. మీకో, మీ భార్య లేదా భర్తకో, మీ మీద ఆధారపడ్డ పిల్లలకో పిప్ (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే సాయం) వస్తున్నా వర్తించదు.

వాడకంలో తప్పులు ఎక్కువగా జరిగేది అద్దె మారినప్పుడు. ఓనరు నోటీసు కాగితం ఫోటో తీసి, లెక్క నెల ముగిసేలోపు జర్నల్‌లో (క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు పెట్టే చోట) పెట్టాలి. ఆలస్యమైతే పెంపు తర్వాతి నెల నుంచే వర్తిస్తుంది. అద్దె ఇప్పటికే రేటు దాటి ఉంటే చెప్పినా డబ్బు పెరగదు, అయినా చెప్పి ఉంచాలి. లోటు సాయం అడిగేటప్పుడు ఆ రికార్డే చూస్తారు. వారం అద్దెని 52తో గుణించి 12తో భాగిస్తారు కాబట్టి, 53 వారాల అద్దె పడే సంవత్సరం ఒక వారం సొంతంగా కట్టుకోవాలి. కొత్తగా దరఖాస్తు చేస్తే మొదటి డబ్బుకి అయిదు వారాలు పడుతుంది. ఈలోపు తీసుకునే అడ్వాన్స్ అప్పే. 24 నెలల్లో తీర్చొచ్చు, అంత గడువూ వాడుకోండి.

లోటుకి కౌన్సిల్‌ని అడగొచ్చు. ఇన్నాళ్ళూ దాన్ని డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ అన్నారు. ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి ఇది క్రైసిస్ అండ్ రెజిలియెన్స్ ఫండ్‌లో భాగం. ఇది హక్కు కాదు, కొన్ని నెలలకే ఇస్తారు. నెల ఖర్చు పట్టికలో గుండ్రటి అంకెలు వేస్తే తిరగ్గొడతారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోయేలా రాయండి. అద్దె పెంపు మార్కెట్‌కి మించిందనిపిస్తే అద్దె తగువులు తేల్చే ట్రిబ్యునల్ ఉంది. 2026 మే 1 నుంచి పెంపు ఏడాదికి ఒక్కసారే, రెండు నెలల ముందు నోటీసుతో. ట్రిబ్యునల్ ఓనరు అడిగినదానికన్నా ఎక్కువ నిర్ణయించలేదు. ఇదివరకు ఆ భయంతోనే చాలామంది వెళ్ళేవాళ్ళు కాదు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 కూడా అదే తేదీతో పోయింది.

మన తెలుగువాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని. వీసా మీద ‘పబ్లిక్ ఫండ్స్‌కి అర్హత లేదు’ అని ఉంటే దరఖాస్తే చేయకూడదు, అది వీసా షరతు ఉల్లంఘన. భార్యాభర్తల్లో ఒకరికే ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంటే వాళ్ళు ఒంటరి మనిషిగా దరఖాస్తు చేయాలి. డబ్బు ఒంటరి లెక్కన వస్తుంది, రెండోవాళ్ళ జీతం, పొదుపు మాత్రం కలుపుతారు. ఐఎల్‌ఆర్‌కి అయిదేళ్ళ బదులు పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రతిపాదించారు. ఎల్‌హెచ్‌ఏ రేటు ఎంతున్నా, అది అమలైతే కొత్తగా వచ్చినవాళ్ళకి అద్దె సాయం మరో అయిదేళ్ళు వెనక్కి జరుగుతుంది.

తెలిసినవాళ్ళ ఇంట్లో కాగితం లేకుండా చేతికి డబ్బిచ్చి ఉండే అలవాటు మానండి. ఒప్పందం రాయించుకోండి, అద్దె బ్యాంకు ద్వారా పంపండి. లేకపోతే అద్దె ఉందని నిరూపించడమే పెద్ద పనవుతుంది. ఇంట్లోనే ఉన్న ఓనరు మీ దగ్గరి బంధువైతే అద్దె భాగం అసలు రాదు.

ఊళ్ళో ఆస్తి సంగతి చాలామందికి తెలియదు. పొదుపు 6,000 పౌండ్లు దాటితే ప్రతి 250కి నెలకి 4 పౌండ్ల 35 పెన్నీలు తగ్గిస్తారు, 16,000 దాటితే క్రెడిట్టే రాదు. మీ పేరున ఉన్న పొలం, గుంటూరులోనో శంకర్‌పల్లిలోనో కొన్న ప్లాటు కూడా ఇందులోకే వస్తాయి. 16,000 అంటే సుమారు 20 లక్షల రూపాయలు, ఒక ప్లాటుతోనే దాటిపోతుంది. విలువలోంచి అమ్మకం ఖర్చుల కింద 10 శాతం, దాని మీదున్న అప్పు తీసేస్తారు. ఇల్లు మీ పేరున ఉన్నా, అందులో పింఛను వయసు దాటిన అమ్మానాన్నలు కాపురముంటే దాన్ని లెక్కించరు. అయినా ఫారంలో రాయాలి. దాచిన ఆస్తి తర్వాత బయటపడితే, తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టమంటారు, ఆపైన జరిమానా.