పొర్లని సీసం బిళ్ళ: ఐదు సీజన్ల తర్వాత

అమెరికాలోని మిస్సోరి నదిలో చానల్ క్యాట్ అనే మీసాల చేప కోసం గాలం వేసేవాళ్లు నో-రోల్ సీసం (లైనుని అడుగున ఆపి ఉంచే, దొర్లని చదునైన బిళ్ళ) తప్ప ఇంకోటి కొనొద్దని రెండో ఏడాదే అందరికీ ఊదరగొట్టాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కానీ ఇప్పుడైతే అంత గట్టిగా అనను.

ఇసుక అడుగు, మామూలు నీళ్లు అయితే దీనికి వంక పెట్టలేం. గుండ్రటి సీసం దొర్లుకుంటూ ఒడ్డుకి వచ్చేసే చోట కూడా ఈ మూడు ఔన్సుల బిళ్ళ పడ్డచోటే అతుక్కుని కూర్చుంటుంది. నా గొడవంతా ఏరు పొంగినప్పటిదే.

నీళ్లు పెరిగితే నేనూ అందరిలాగే బరువు పెంచుతూ పోయాను. నాలుగు ఔన్సులు, తర్వాత ఆరు. నీటి జోరు రెండింతలైతే లైను మీద పడే తోపు నాలుగింతలవుతుంది. పైగా కొట్టుకొచ్చే గడ్డి, చెత్త లైనుకి చుట్టుకుని గడ్డివాములా తయారవుతుంది. అప్పుడు ఆరు ఔన్సులైనా ఒకటే. సన్నటి అల్లిక లైను వేసుకుని, రాడ్ కొన పైకెత్తి పెట్టి లైను వీలైనంత నీళ్లకి పైన ఉంచితే, బరువు పెంచినదానికన్నా ఎక్కువ పనిచేసింది.

అసలు సంగతేమిటంటే, ఆ జోరులో నిలబడటం చేపకీ ఇష్టం ఉండదు. ఒడ్డు పక్కకీ, వింగ్ డైకుల చాటుకీ చేరిపోతుంది. పడవల దారి లోతుగా ఉండాలని ఒడ్డు నుంచి నదిలోకి చాచి పేర్చిన రాళ్ల కట్టలే ఈ డైకులు. వాటి దిగువన నీళ్లు మెల్లగా తిరుగుతుంటాయి. అక్కడ రెండు ఔన్సులు చాలు. నీళ్లు మట్టి రంగులో ఉన్నా బెంగ లేదు, చానల్ క్యాట్‌కి ఒళ్లంతా రుచి మొగ్గలే. ఎరగా గుచ్చిన షాడ్ చేప ముక్కని వెతుక్కుంటూ అదే వస్తుంది.

కిందటి జూన్‌లో అలాగే వచ్చింది. నాది సర్కిల్ హుక్కు, అంటే చేప లాక్కెళ్తుంటే తనంతట తానే మూతి అంచున గుచ్చుకునే గుండ్రటి గాలం, కాబట్టి చటుక్కున లాగలేదు, రాడ్ వంగేదాకా ఆగి మెల్లగా చుట్టడం మొదలుపెట్టాను. పది చుట్లు సాఫీగా వచ్చింది. ఆ తర్వాత ఠక్కున ఆగిపోయింది. చేప ఊడిపోలేదు, తల విదిలించడం చేతికి తెలుస్తూనే ఉంది. బిళ్ళ మాత్రం రెండు రాళ్ల సందులో, డబ్బీలో నాణెంలా దూరిపోయింది. లైను బిళ్ళ మధ్యలోంచే వెళ్తుంది కదా. లైను వదిలితే చేప దూరంగా పోతోంది, చుడితే స్వివెల్ (లైనునీ గాలం ముక్కనీ కలిపే, గిర్రున తిరిగే లోహపు కొక్కెం) వచ్చి బిళ్ళకి కొట్టుకుని ఆగుతోంది. అలా నాలుగైదు సార్లు. ఒడ్డు మీద అటూ ఇటూ నడిచి అన్ని కోణాల్లోంచీ లాగి చూశాను. చివరికి రాయి అంచుకి లైను తెగింది. నోట్లో గాలంతో పోయింది పాపం. దొరకలేదన్న బాధకంటే అదే ఎక్కువ పీకింది.

గుండ్రటి సీసం రాళ్లలో ఇరుక్కోదని కాదు. దాన్ని మూడు వైపులా లైను కట్టుకునే త్రీ-వే స్వివెల్‌కి పలచటి లైనుతో వేలాడదీస్తే, ఇరుక్కున్నప్పుడు ఆ ముక్కే తెగుతుంది, చేప మనకి మిగులుతుంది. ఈ బిళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

నాకు పడవ లేదు, శనాదివారాలు ఒడ్డునే కూర్చుంటాను. పడవుంటే ఎగువకి వెళ్లి, దూరిన వైపు నుంచే లాగి విడిపించుకోవచ్చేమో, అప్పుడు నా ఫిర్యాదు సగం తగ్గేది. ఇసుక ఒడ్డుకి వెళ్లే రోజున ఇప్పటికీ బిళ్ళలే పట్టుకెళ్తాను. డైకుల దగ్గరికైతే మాత్రం చవకరకం గుండ్లు, వేలాడదీయడానికి పది పౌండ్ల లాగుడు తట్టుకునే నైలాన్ లైను.