ఫార్మాట్‌కు ముందు తెరిచి చూపించే దుకాణం

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ వైపు వెళ్లే రోడ్డులో, కింద మొబైల్ కవర్ల కొట్టు, మొదటి అంతస్తులో కోచింగ్ సెంటర్ ఉన్న ఒక భవనంలో, రెండో అంతస్తున ఈ కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. లిఫ్టు లేదు. మేడారం జాతర ఫ్లెక్సీల పని, ఆ వెనుకనే వచ్చిన పెళ్లి పత్రికల పని ముగిశాక, పదేళ్ల నాటి నా డెస్క్‌టాప్ సీపీయూను చంకన పెట్టుకుని ఆ మెట్లెక్కాను. తెరుచుకోవడానికే పది నిమిషాలు తీసుకుంటున్న ఆ యంత్రంలో పాత విండోస్‌ను తీసివేసి కొత్తగా ఎక్కించుకోవాలన్నది నా ఉద్దేశం. విండోస్ ఎక్కించే పని ఊళ్లో ఎవరైనా గంటలో చేసి ఇస్తారు కాబట్టి దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అంతకు ముందు లోపలున్న సరుకును ఈ దుకాణం వారు ఎలా బయటికి తీస్తారు, తీసినది నిజంగా పనికొస్తుందని ఎలా నిర్ధారించుకుంటారు అన్నదే నేను చూడదలచుకున్నాను.

ఈ పట్టింపుకు ఒక కారణం ఉంది. నాది డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలతో పాటు కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధన చేసే విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలను కూడా టైపు చేసి బైండింగ్ దాకా చూసుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఇదే కంప్యూటర్‌ను మరొక చోట ఫార్మాట్ చేయించినప్పుడు, డీ డ్రైవ్‌ను ముట్టుకోలేదు కాబట్టి అన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పి ఇచ్చారు. ఫార్మాట్‌లో చెరిగేది విండోస్ ఉండే సీ డ్రైవ్, డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు కూడా ఆ సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి అప్పుడు వారూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఒక విద్యార్థి గైడుగారు ఎర్ర సిరాతో దిద్దిన రెండు అధ్యాయాలను సవరించి తాత్కాలికంగా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. అవి పోయాయి. డీ డ్రైవ్‌లో మిగిలిన ఫైళ్లేమో ఫాంట్లు లేక తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలుగా కనిపించాయి. ఆ అధ్యాయాలను మళ్లీ కొట్టడానికి మూడు రాత్రులు పట్టింది, వాటికి డబ్బు అడిగే ముఖం నాకు లేకపోయింది.

ఈ దుకాణంలో సీపీయూ దించగానే స్క్రూడ్రైవర్ తీయకుండా, ముందుగా ఒక కాగితం నా ముందు పెట్టారు. చేతితో రాసి జిరాక్స్ తీయించిన ప్రశ్నల పత్రం అది. ఏ పని చేస్తారు, ఏయే సాఫ్ట్‌వేర్లు వాడతారు, తెలుగు ఏ ఫాంట్లలో కొడతారు, మెయిల్ బ్రౌజర్‌లో చూస్తారా లేక అవుట్‌లుక్‌లోకి దించుకుంటారా, ట్యాలీ ఉందా, ప్రింటర్ల సీడీలు మీ దగ్గర ఉన్నాయా, వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) ఆన్‌లో ఉందా అని వరుసగా అడిగారు. ల్యాప్‌టాప్ తెచ్చినవారికి మొదటి ప్రశ్న బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం గురించట. 48 అంకెల రికవరీ కీ యజమాని దగ్గర ఉందో లేదో తేలనిదే వారు ఆ ల్యాప్‌టాప్‌ను విప్పరు, ఎందుకంటే డిస్క్ తాళం వేసి ఉండి ఆ కీ కూడా దొరకకపోతే దాన్ని బయటికి తీసి ఎంత మంచి యంత్రానికి తగిలించినా ఒక్క ఫైలూ చదవడం సాధ్యం కాదు. వన్‌డ్రైవ్ ప్రశ్న నాకు మొదట అనవసరమనిపించింది. కానీ అది ఆన్‌లో ఉంటే కొన్ని ఫైళ్లు పేరుకు మాత్రమే కంప్యూటర్‌లో కనిపించి అసలు ఇంటర్నెట్‌లోనే ఉంటాయని, వాటి పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటుందని, డిస్క్ విప్పి కాపీ చేస్తే అలాంటివి రావని దుకాణంలో పని చేసే కుర్రవాడు చూపించి చెప్పాడు.

తరువాత హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి, డాక్‌కు (విడి డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు కలిపే పరికరానికి) తగిలించి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాని ఆరోగ్యం చూశారు. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. డిస్క్‌లో కొన్ని సెక్టార్లు, అంటే డేటా రాసి ఉండే చిన్న చిన్న గడులు, చదవడానికి మొరాయిస్తున్నాయని, అవి పెండింగ్ లెక్కలో ఉన్నాయని దాని అర్థం. కంప్యూటర్ నత్తనడకకు కూడా విండోస్ కన్నా ఇదే పెద్ద కారణమని యజమాని అన్నారు. ఇలాంటి డిస్క్‌ను ఫార్మాట్ చేసి దాని మీదనే మళ్లీ విండోస్ ఎక్కిస్తే నాలుగు నెలల్లో మళ్లీ వస్తారని, కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేసుకుని పాత డిస్క్‌ను చెరపకుండా పక్కన పెట్టుకోవడం మేలని సలహా ఇచ్చారు. రిపేరు దుకాణంలో కొత్త వస్తువు కొనమంటే ఎవరికైనా అనుమానం రావడం సహజం, నాకూ వచ్చింది. ఎస్‌ఎస్‌డీ తమ దగ్గరే కొనాలని లేదు, బయట తెచ్చుకున్నా బిగిస్తామని వారు అన్నాకనే ఆ అనుమానం పోయింది.

పాత డిస్క్ చెరపకుండా ఉంటుందన్నారు కాబట్టి అదే బ్యాకప్ కదా, వేరే కాపీ ఎందుకని నేను అడిగాను. జబ్బు చేసిన డిస్క్‌లో ఉన్న ఒకే ఒక్క ప్రతిని బ్యాకప్ అనరని చెప్పి, నేను తీసుకెళ్లిన 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి మొత్తం దించడం మొదలుపెట్టారు. (డబ్బా మీద 1 టీబీ అని ఉన్నా కంప్యూటర్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది, అందులో మోసమేమీ లేదు.) మౌస్‌తో పట్టి లాగి అతికించే పద్ధతిని వారు వాడలేదు. విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ అనే కమాండ్‌ను వాడారు. చదవలేని ఫైలు ఎదురైతే అక్కడే ఆగిపోకుండా, చెప్పినన్ని సార్లు ప్రయత్నించి ముందుకు సాగి, ఏ ఫైలు రాలేదో చివరికి ఒక చిట్టాలో రాసిపెట్టడం దాని సుగుణం. దాదాపు 280 జీబీకి మధ్యాహ్నమంతా పట్టింది. చిట్టాలో రాని ఫైళ్లు ఆరు తేలాయి. నాలుగు పాత సినిమా పాటలు, రెండు ఎప్పుడో ముద్రించేసిన ఫ్లెక్సీ డిజైన్లు. ఆ ఆరింటి పేర్లు నాకు చదివి వినిపించి, అవసరమైతే మరో సాధనంతో ప్రయత్నిస్తామన్నారు. నేను వద్దన్నాను.

ఇంతవరకు జాగ్రత్త గల ఏ దుకాణమైనా చేయవచ్చు. మరునాడు ఉదయం జరిగినదాన్ని మాత్రం నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను వారి సొంత కంప్యూటర్‌కు తగిలించి, కుర్చీ నాకు జరిపి, "అన్నా, మీకు ముఖ్యమైనవి ఒక అయిదు తెరిచి చూడండి. మీరు సరే అన్నంకనే కొత్త విండోస్ ఎక్కిస్తం" అన్నారు. పుటలు అమర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో చేసిన ఒక సిద్ధాంత గ్రంథం ఫైలు తెరిచాను. తెర నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఏళ్ల నాటి భయం మళ్లీ కడుపులో తిప్పింది. కుర్రవాడు మాత్రం దాని కోసమే ఎదురు చూస్తున్నట్టు నవ్వి, కాపీ చేసిన ఫాంట్ల ఫోల్డర్ నుంచే అనుపమ, ప్రియాంక వగైరా అను ఫాంట్లన్నీ ఆ కంప్యూటర్‌లో ఎక్కించి, ఫైలును మళ్లీ తెరిచాడు. ఈసారి ప్రతి పుటా తెలుగులో, నేను పెట్టిన చోటే వత్తులతో సహా కనిపించింది.

డీటీపీ పని చేయనివారికి ఇందులోని చిక్కు తెలియకపోవచ్చు. ఫోన్‌లో కొట్టే తెలుగు యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని యంత్రాలూ గుర్తించే సొంత సంకేతం ఉన్న పద్ధతి కాబట్టి ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. అను ఫాంట్లలో కొట్టినది అలా కాదు. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు విండోస్ ఫోల్డర్‌లో, అంటే ఫార్మాట్‌లో మొట్టమొదట తుడిచిపెట్టుకుపోయే చోట ఉంటుంది. అందుకే వరంగల్, కరీంనగర్ ప్రెస్సుల వారు ఫైలు ఎంత జాగ్రత్తగా దాచినా ఫాంటు దగ్గర దెబ్బ తింటారు. నా ఫాంట్లు లేని వేరే కంప్యూటర్‌లో పరీక్ష పెట్టడం వల్ల కాపీలో ఫాంట్లు కూడా వచ్చాయో లేదో ఖాయంగా తెలిసింది. అదే నా కంప్యూటర్‌లోనే తెరిచి చూపించి ఉంటే పాత ఫాంట్లతో తెరుచుకుని, అంతా బాగుందని నమ్మేవాడిని.

బ్రౌజర్ విషయంలో కూడా వారు చెప్పిన ఒక సంగతి చాలామందికి ఉపయోగపడుతుంది. క్రోమ్ ఫోల్డర్‌ను యథాతథంగా కాపీ చేసుకుంటే బుక్‌మార్కులు వస్తాయి గానీ, దాచుకున్న పాస్‌వర్డులు కొత్త విండోస్‌లో తెరుచుకోవు, ఎందుకంటే అవి పాత విండోస్ ఖాతాకు ముడిపడిన తాళంతో ఉంటాయి. పాత కంప్యూటర్ నడుస్తుండగానే వాటిని ఫైలుగా బయటికి తీసుకోవాలి, లేదా గూగుల్ ఖాతాతో సింక్ చేసుకోవాలి. నాతో మొదటి పద్ధతిలో చేయించి, ఆ ఫైలులో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి కాబట్టి పని కాగానే చెరిపేయమని రెండు సార్లు గుర్తు చేశారు. సీడీ ఎప్పుడో పోయిన నా రంగుల ప్రింటర్ డ్రైవర్‌ను కూడా పాత విండోస్ నుంచే ఒక కమాండ్‌తో బయటికి తీసి పెట్టారు.

విండోస్ ఎక్కించేటప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కదాన్నే తగిలించి ఉంచారు. ఎక్కించే తెర మీద సీ, డీ అనే అక్షరాలు కనిపించవు, డ్రైవ్ 0, పార్టిషన్ 1, 2, 3 అని మాత్రమే ఉంటుంది, అక్కడ వేలు జారితే తిరిగిరాదు. పాత డిస్క్ టేబుల్ మీద ఉంటే ఆ ప్రమాదమే లేదు. పాత ఫైళ్లను మళ్లీ డీ అనే అక్షరం కిందనే, అవే ఫోల్డర్ పేర్లతో పెట్టారు. పేజ్‌మేకర్‌లో అతికించిన పెద్ద బొమ్మలు ఫైలులో ఉండవు, వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. డీ (D) కాస్తా 'ఈ' (E) అక్షరం అయితే ప్రతి పత్రికలోని వినాయకుడి బొమ్మనూ ఒక్కొక్కటిగా మళ్లీ వెతికి చూపించాల్సి వచ్చేది.

విండోస్ 11 ఎక్కించమని నేను అడిగాను. నాది ఆరో తరం ఐ3 ప్రాసెసర్, అది మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో లేదు. అడ్డదారిలో ఎక్కించగలమని, కానీ అప్‌డేట్లకు హామీ ఉండదని సూటిగా చెప్పారు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినా, ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్ల పొడిగింపును మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. చివరికి 10నే ఎక్కించి, ఆ పొడిగింపులో నమోదు చేయించారు. మదర్‌బోర్డు మారలేదు కాబట్టి లైసెన్సు కీ అడగకుండానే యాక్టివేట్ అయింది. 2001 నాటి పేజ్‌మేకర్ 7 మీద ఇంకా బతుకుతున్న నాకు ఈ నిర్ణయం నచ్చింది.

ఇక నాకు నచ్చనివి. తీసుకునేటప్పుడు చూస్తే వారి సొంత హార్డ్ డిస్క్‌లో కూడా నా డేటా మరో కాపీ ఉంది. ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని పదిహేను రోజులు ఉంచుతారట. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ నా కంప్యూటర్‌లో వందల మంది ఆధార్ స్కానులు, పెళ్లి సంబంధాల బయోడేటాలు ఉన్నాయి. ముందుగా ఒక మాట అడిగి ఉండాల్సింది. చెరిపేయమంటే నా ఎదుటే చెరిపేశారు, అయినా ఆ ప్రశ్నల పత్రంలో ఈ ప్రశ్న కూడా చేర్చడం వారి ధర్మం. బిల్లు ఎస్‌ఎస్‌డీ కాక 1,200 రూపాయలు అయింది. రెండు రోజుల పనికి అది న్యాయమే అయినా, తెల్ల కాగితం మీద ఒకే అంకె వేసి ఇచ్చారు, దేనికెంతో లేదు. కంప్యూటర్ లేకుండా రెండు రోజులు కొట్టు మూసుకోవాల్సి వచ్చింది. పెళ్లి ముహూర్తాల మధ్యలో మాత్రం అటు వెళ్లకండి. బండి పెట్టడానికి చోటు లేదు.

ఇంకొక లోపం రెండు వారాల తరువాత గానీ బయటపడలేదు. డిజైన్లు గీసే కోరెల్‌డ్రాలో నేను ఏళ్ల తరబడి అమర్చుకున్న వర్క్‌స్పేస్ (నా అలవాటుకు తగ్గట్టు పెట్టుకున్న బటన్లు, మెనూల అమరిక) కొత్త విండోస్‌లో లేదు. సాఫ్ట్‌వేర్లు తమ అమరికలను దాచుకునే, యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా అనే ఫోల్డర్ నుంచి వారు అడిగి తెలుసుకున్న సాఫ్ట్‌వేర్ల భాగాలే తీసుకున్నారు. అందులో చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటాయి కాబట్టి మొత్తం తీస్తే ఇంకో రోజు పడుతుందన్నది వారి వాదన. నేను ఒప్పుకోను. 931 జీబీలో సగం కూడా నిండలేదు, రాత్రంతా నడిపించి ఉంటే సరిపోయేది. అడగడం వారు మరిచారు, చెప్పడం నేను మరిచాను. అందుకే ఐదుకు నాలుగు నక్షత్రాలే ఇస్తున్నాను.

ఫోన్ చేస్తే, "పాత డిస్క్ ఉన్నది కదా అన్నా, పట్కొని రాండ్రి" అన్నారు. ఒక కవర్‌లో చుట్టి, మీద తేదీ రాసి, రెండు నెలలదాకా చెరపవద్దని చెప్పి ఇచ్చిన ఆ డిస్క్ బీరువాలో అలాగే ఉంది. మళ్లీ రెండంతస్తులు ఎక్కాను. డాక్‌కు తగిలించి, వర్క్‌స్పేస్ ఫోల్డర్‌ను వెతికి పట్టి, పది నిమిషాల్లో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. ఆ జిరాక్స్ పత్రం మీద చివర్న ఖాళీగా ఉన్న వరుసలో, నా ఎదుటే, కోరెల్ వర్క్‌స్పేస్ అని పెన్నుతో రాసుకున్నారు.